పెన్సిల్ సెల్ల నుంచి బటన్ సెల్ల దాకా: ఏ పరికరానికి ఏ బ్యాటరీ వేయాలి

కిరాణా కొట్టులో రెండు పెన్సిల్ సెల్లు ఇమ్మంటే, ఏ పరికరానికని అడగకుండానే పైన వేలాడుతున్న పట్టీలోంచి రెండు తుంచి ఇస్తారు. గోడ గడియారానికి వేసినా, బీపీ చూసుకునే యంత్రానికి వేసినా, పిల్లవాడి రిమోట్ కారుకు వేసినా అవి కొలతకు సరిపోతాయి, మొదట్లో పని కూడా చేస్తాయి. తేడా తరువాత బయటపడుతుంది. గడియారంలో ఏడాదిపాటు నడిచే సెల్ బొమ్మకారులో కాసేపటికే నీరసిస్తుంది. బీపీ యంత్రం చేతిపట్టీని సగం ఉబ్బించి ఆగిపోతుంది. వాడకుండా అల్మరాలో పెట్టిన టార్చిలైటును చాలాకాలం తరువాత తెరిస్తే లోపలి స్ప్రింగుకు చిలుము పట్టి ఉంటుంది. అందువల్ల సెల్ కొనేముందు చూడవలసినవి మూడు: పరికరం ఒక్కసారిగా ఎంత కరెంటు లాగుతుంది, సెల్ దానిలో ఎంతకాలం ఉండిపోతుంది, ఒకవేళ సెల్ కారితే పాడయ్యే వస్తువు విలువ ఎంత. ధర గురించి ఆలోచించవలసింది ఈ మూడింటి తరువాతే.

రేపరు మీద ఏముంది

మనం పెన్సిల్ సెల్ అనేది డబుల్ ఏ సైజు. రిమోట్లలో వేసే సన్నది ట్రిపుల్ ఏ. పాత టార్చిలైట్లలోనూ గ్యాస్ గీజర్లలోనూ వేసే లావుది డీ సైజు. ఇవన్నీ కొలతల పేర్లే తప్ప లోపలి రసాయనం గురించి ఏమీ చెప్పవు. రసాయనం తెలియాలంటే రేపరు మీద చిన్న అక్షరాలలో ఉండే గుర్తును చదవాలి. డబుల్ ఏ సెల్ మీద ఆర్6 అని ఉంటే అది జింక్ కార్బన్ రకం, ఎల్‌ఆర్6 అని ఉంటే ఆల్కలైన్, ఎఫ్‌ఆర్6 అని ఉంటే లిథియం, హెచ్‌ఆర్6 అని ఉంటే మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్. ట్రిపుల్ ఏ సైజులో ఈ 6 స్థానంలో 03, డీ సైజులో 20 ఉంటుంది. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ పద్ధతి ప్రకారం వచ్చిన గుర్తులు కనుక కంపెనీ ఏదైనా అర్థం మారదు.

పెద్ద అక్షరాలతో ముద్రించిన మాటలను మాత్రం జాగ్రత్తగా చదవాలి. 'హెవీ డ్యూటీ', 'సూపర్ హెవీ డ్యూటీ' అన్న సెల్లు సాధారణంగా ఆర్6 రకానివే, అంటే నాలుగు రకాలలో అతి తక్కువ బలం కలవి. ఆ పేరు చూసి ఎక్కువ శ్రమ పడే పరికరానికి ఇదే సరైనదని కొనేవారు ఎందరో ఉన్నారు. అది వారి తప్పని నేను అనుకోను. ఎల్ అన్న ఒక్క అక్షరం ముందు ఉందా లేదా అని చూసుకోవడం అలవాటైతే చాలు, కొట్టులో సగం సందేహం తీరిపోతుంది.

జింక్ కార్బన్, ఆల్కలైన్

1866లో ఫ్రాన్సుకు చెందిన జార్జ్ లెక్లాంషే రూపొందించిన సెల్‌కు నేటి జింక్ కార్బన్ సెల్ వారసురాలు. ఇందులో జింకు డబ్బాయే రుణధ్రువం, అదే లోపలి పదార్థానికి గిన్నె కూడా. మధ్యలో కార్బన్ కడ్డీ, దాని చుట్టూ మాంగనీస్ డయాక్సైడ్ ముద్ద ఉంటాయి. సెల్ పనిచేస్తున్నకొద్దీ జింకు కరిగిపోతుంది కనుక వాడకంతో పాటే గిన్నె గోడ పలచబడుతుంది. పూర్తిగా దిగిపోయిన తరువాత కూడా దానిని పరికరంలోనే వదిలేస్తే కారడానికి ముఖ్య కారణం ఇదే. మన ఇళ్లలో చిరకాలం ఏలినవి ఈ సెల్లే. 1972లో స్థాపితమైన ఇండో నేషనల్ సంస్థ నెల్లూరులో నిప్పో సెల్ల తయారీ చేపట్టిన నాటి నుంచి ఇవి తెలుగు పల్లెల టార్చిలైట్లకూ ట్రాన్సిస్టర్ రేడియోలకూ ఊపిరి పోశాయి. తక్కువ కరెంటును కొంచెం కొంచెంగా తీసుకునే పనికి ఇవి నేటికీ చక్కగా సరిపోతాయి. మసకబారిన టార్చిని ఆర్పి కాసేపటి తరువాత వెలిగిస్తే కాస్త కాంతి పుంజుకోవడం పెద్దవాళ్లందరూ చూసిందే. విశ్రాంతి దొరికినప్పుడు లోపలి రసాయనాలు సర్దుకోవడం వల్ల అలా జరుగుతుంది. విరామం లేకుండా గట్టిగా లాగితే మాత్రం ఇవి తట్టుకోలేవు.

ఆల్కలైన్ సెల్‌లో కూడా జింకూ మాంగనీస్ డయాక్సైడే ఉన్నాయి, కానీ అమరిక తలకిందులు. బయట ఉక్కు డబ్బా, దాని లోపలి గోడకు మాంగనీస్ డయాక్సైడ్, నడుమ జింకు పొడి, వాటి మధ్య పొటాషియం హైడ్రాక్సైడ్ అనే గాఢమైన క్షారం ఉంటాయి. 1950ల్లో ఎవరెడీ సంస్థలో పనిచేసిన కెనడా ఇంజనీరు లూయిస్ ఉర్రీ ఈ సెల్‌ను వాణిజ్యానికి పనికివచ్చే రూపానికి తెచ్చాడు. జింకు రేకుగా కాక పొడిగా ఉండడంతో చర్య జరిగే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది, లోపలి నిరోధం తగ్గుతుంది, అడిగినంత కరెంటు వెంటనే వస్తుంది. డబుల్ ఏ సైజులో జింక్ కార్బన్ సెల్ ఇచ్చేది తేలికైన వాడకంలో కూడా వెయ్యి మిల్లీ ఆంపియర్ అవర్ (సెల్ మొత్తం మీద ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే కొలత) ప్రాంతంలోనే ఉండగా, మంచి ఆల్కలైన్ సెల్ అలాంటి వాడకంలో 2,000 నుంచి 2,800 దాకా ఇస్తుంది. ధర రెండు మూడు రెట్లు ఎక్కువైనా, నిలకడగా కరెంటు లాగే పరికరంలో వచ్చే పని అంతకంటే ఎక్కువే కనుక చివరి లెక్కలో ఆల్కలైనే చవక.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మిల్లీ ఆంపియర్ అవర్లలో ఇచ్చే ఆ సంఖ్య సెల్ పొట్టలో స్థిరంగా ఉండే పరిమాణం కాదు. లాగే వేగాన్ని బట్టి అది మారుతుంది. కొన్ని పదుల మిల్లీ ఆంపియర్ల చొప్పున తీసుకుంటే 2,500 ఇచ్చే ఆల్కలైన్ సెల్, ఒక ఆంపియర్ చొప్పున లాగితే అందులో సగం కూడా ఇవ్వదు. జింక్ కార్బన్ పరిస్థితి అప్పుడు మరీ దయనీయం. దీనిని ఇంట్లోనే చూడవచ్చు. రిమోట్ కారులో పని చేయడం మానేసిన సెల్‌కు వోల్టేజీ కొలిచే మల్టీమీటరు పెడితే 1.3 వోల్టుల ప్రాంతంలో చూపించి, సెల్‌లో ఇంకా సత్తువ ఉందనిపిస్తుంది. అదే సెల్‌ను మోటారుకు కలిపి, మోటారు తిరుగుతుండగా మళ్లీ కొలిస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఒక వోల్టు కంటే తక్కువకు జారిపోతుంది, మోటారు ఆపగానే తిరిగి పైకి లేస్తుంది. పోయింది వోల్టేజీ కాదు, బరువు మోసే శక్తి. అలాంటి సెల్‌ను పారేయకుండా గడియారానికి వేస్తే ఇంకా కొన్ని వారాలో నెలలో నడుస్తుంది; మన ఇళ్లలో అమ్మమ్మలు ఎప్పటినుంచో చేస్తున్న ఈ పని శాస్త్రీయంగా కూడా సరైనదే, అది దిగిపోగానే తీసేయాలన్న జాగ్రత్త ఉన్నంతవరకు.

ఛార్జి చేసుకునే సెల్లు: 1.2 వోల్టుల భయం

నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ మీద 1.2 వోల్టులని రాసి ఉంటుంది. మామూలు సెల్ మీద 1.5 ఉంటుంది. ఈ తేడా చూసి పరికరం సరిగా పనిచేయదేమోనని వెనుకాడేవారు చాలామంది. నిజానికి ఆల్కలైన్ సెల్ 1.5 దగ్గర మొదలవుతుందే కాని అక్కడ నిలబడదు. వాడకం మొదలైన దగ్గరనుంచి క్రమంగా దిగుతూ 0.9 దాకా వస్తుంది, సగం ప్రయాణానికి అదీ 1.2 ప్రాంతంలోనే ఉంటుంది. నికెల్ సెల్ మాత్రం తన ఆయువులో చాలా భాగం 1.2 దగ్గరే నిలకడగా ఉండి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. ఆల్కలైన్ సెల్లను చివరికంటా వాడుకునేలా రూపొందించిన పరికరం కనుక నికెల్ సెల్లతో కూడా హాయిగా నడుస్తుంది. పైగా వీటి లోపలి నిరోధం చాలా తక్కువ. ఒక ఆంపియర్ చొప్పున లాగినా తమలో ఉన్నది దాదాపు అంతా ఇచ్చేస్తాయి. కెమెరా ఫ్లాష్, మోటారున్న బొమ్మలు, గేమ్ కంట్రోలర్, రోజూ వాడే టార్చి వంటి వాటిలో ఇవి ఆల్కలైన్‌ను సునాయాసంగా మించిపోతాయి.

ఇబ్బంది పెట్టేవి రెండు రకాల పరికరాలు. వోల్టేజీ కాస్త తగ్గగానే సెల్ అయిపోయిందని లెక్కవేసి ఆగిపోయేవి మొదటివి. సెల్ ఎంత మిగిలిందో ఆల్కలైన్ దిగుదలను బట్టి అంచనా కట్టేవి రెండోవి. తలుపులకు పెట్టే డిజిటల్ తాళాలు ఈ రెండో కోవకు చెందుతాయి. ఆల్కలైన్ వేస్తే తాళం కొన్ని వారాల ముందే హెచ్చరిస్తుంది. నికెల్ సెల్లు వేస్తే చివరిదాకా అంతా బాగున్నట్టే చూపించి, ఉన్నట్టుండి మూగబోయే ప్రమాదం ఉంది. బయటినుంచి 9 వోల్టుల బ్యాటరీ ఆనించో, యూఎస్‌బీ తీగ కలిపో తాళం తెరిచే ఏర్పాటు చాలా వాటిలో ఉన్నా, రాత్రివేళ మెట్ల మీద నిలబడి ఆ అవసరం తెచ్చుకోవడం ఎందుకు? తాళంతో వచ్చిన పుస్తకంలో ఆల్కలైన్ వేయమని ఉంటే ఆల్కలైనే వేయాలి.

పాతకాలపు నికెల్ సెల్లు వాడకపోయినా తమంతట తామే దిగిపోయేవి. నిండా ఛార్జి చేసి పక్కన పెడితే నెలరోజుల్లో చెప్పుకోదగినంత పోయేది. 2005లో జపాన్‌కు చెందిన సాన్యో సంస్థ ఎనెలూప్ పేరుతో తెచ్చిన సెల్లు ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దాయి. ఏడాది పక్కన ఉంచినా ఛార్జిలో అధిక భాగం నిలుపుకునే ఇలాంటి సెల్లను ఇప్పుడు చాలా కంపెనీలు అమ్ముతున్నాయి; ప్యాకెట్ మీద 'లో సెల్ఫ్ డిశ్చార్జ్' అనో 'రెడీ టు యూజ్' అనో ఉంటుంది. కొత్తగా కొనేవారు ఈ రకమే కొనాలి. సామర్థ్యం 2,000 ప్రాంతంలో ఉన్నవి తీసుకోవడం మంచిది. 2,500 ఉన్నవి ఒక్కో ఛార్జికి ఎక్కువసేపు వస్తాయి కాని అవి తట్టుకునే ఛార్జింగుల సంఖ్య సాధారణంగా తక్కువ. డబుల్ ఏ సైజు నికెల్ సెల్ మీద 3,500, 4,000 అని ముద్రించి ఉంటే ఆ సంఖ్యను నమ్మనక్కరలేదు. ఆ సైజులో అంత పట్టదు. డీ సైజు ఛార్జింగ్ సెల్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. కొన్నింటిలో పెద్ద డబ్బా లోపల డబుల్ ఏ సెల్ మాత్రమే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే బరువే చెబుతుంది, రేపరు మీది సంఖ్య కూడా 2,500 దగ్గరే ఆగుతుంది. అసలైన డీ సైజు నికెల్ సెల్‌కు అది 8,000 దాటి ఉంటుంది.

ఛార్జర్‌కు ఖర్చు పెట్టడానికి వెనుకాడకూడదు. రాత్రంతా కరెంటు పంపుతూనే ఉండే చవక ఛార్జర్ మంచి సెల్లను కూడా తొందరగా చంపేస్తుంది. ఒక్కో సెల్‌ను విడివిడిగా గమనించి, నిండగానే దానికదే ఆపే ఛార్జర్ కావాలి. రెండు సెల్లు పెడితేనే వెలిగే దీపం ఉన్న ఛార్జర్ వాటిని జంటగా చూస్తోందని అర్థం. ఒక్క సెల్ పెట్టినా పనిచేసేదే తీసుకోవాలి. పూర్తిగా దిగిన తరువాతే ఛార్జి చేయాలన్న సలహా ఇంకా వినిపిస్తుంది. అది నికెల్ కాడ్మియం కాలం నాటి మాట. ఇప్పటి సెల్లను సగంలో తీసి ఛార్జి చేసినా నష్టం లేదు, మరీ అడుగంటా వాడటమే వాటికి చేటు.

ఖర్చు లెక్క ఇలా చూడవచ్చు. నాలుగు మంచి సెల్లు, ఛార్జర్ కలిపి రెండు వేల రూపాయలు అయ్యాయనుకుందాం. నాలుగు ఆల్కలైన్ సెల్లకు 160 రూపాయలనుకుంటే, నెలకొకసారి సెల్లు మార్చే ఇంట్లో పెట్టుబడి పదమూడు నెలల్లో తిరిగి వస్తుంది, ఆ తరువాత ఏళ్ల తరబడి మిగిలేదంతా లాభం. ఏడాదికి ఒకసారి మార్చే రిమోట్ కోసమైతే ఆ పెట్టుబడి ఎప్పటికీ తిరిగి రాదు. పిల్లలున్న ఇంటికి నికెల్ సెల్లు తప్పక కొనమంటాను. ఇద్దరు వృద్ధులు మాత్రమే ఉండి, ఒక గడియారం, రెండు రిమోట్లు ఉన్న ఇంటికి అనవసరం అంటాను.

లిథియం పేరుతో వచ్చే మూడు వేరు వేరు వస్తువులు

లిథియం అన్న మాట ఒకటే అయినా ఆ పేరుతో అమ్మే డబుల్ ఏ సైజు సెల్లు మూడు రకాలు. ఎఫ్‌ఆర్6 గుర్తున్నవి ఒకసారి వాడి పారేసేవి. వీటిలో లిథియం, ఐరన్ డైసల్ఫైడ్ ఉంటాయి. ఆల్కలైన్ సెల్ 23 గ్రాముల దాకా తూగితే ఇవి 15 గ్రాములే. గడ్డకట్టే చలిలో కూడా పనిచేస్తాయి, కారడం అరుదు, ఏళ్ల తరబడి నిల్వ ఉంటాయి. మంచు కురిసే దేశాల్లో ఇంటి బయట కెమెరాలు పెట్టుకునే మన తెలుగువారికీ, లడఖ్ యాత్రకు వెళ్లేవారికీ వీటి విలువ తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఇంటి వాడకానికి ఇంత ధర పెట్టవలసిన సందర్భాలు తక్కువే.

రెండోవి యూఎస్‌బీ తీగతో ఛార్జయ్యే 1.5 వోల్టుల లిథియం అయాన్ సెల్లు. ఇవి ఇప్పుడు ఆన్‌లైన్ దుకాణాల్లో బాగా కనిపిస్తున్నాయి. లోపలి సెల్ నిజానికి 3.7 వోల్టులది; దానిని 1.5కు తగ్గించే చిన్న సర్క్యూట్ తలభాగంలో ఉంటుంది. చివరిదాకా వోల్టేజీ తగ్గదు కనుక 1.2కు ఒప్పుకోని పరికరాలకు ఇవి మంచి దారి. అయితే ఇవి అయిపోయే ముందు హెచ్చరిక ఉండదు. ఆ సర్క్యూట్ రొద మీడియం వేవ్ రేడియోలో గరగరగా వినిపించవచ్చు. సామర్థ్యాన్ని వీటి మీద మిల్లీ వాట్ అవర్లలో ముద్రిస్తారు, ఆ సంఖ్య పెద్దదిగా కనిపిస్తుంది. 3,000 మిల్లీ వాట్ అవర్లను 1.5తో భాగిస్తే వచ్చేది 2,000 మిల్లీ ఆంపియర్ అవర్లే. 2,000 మిల్లీ ఆంపియర్ అవర్ల నికెల్ సెల్‌లో ఉన్న శక్తి ఇదే కొలతలో 2,400. తేడా ఉన్నమాట నిజమే, కానీ ముద్రించిన సంఖ్యలను పక్కపక్కన పెట్టినప్పుడు కనిపించేంత కాదు.

మూడోది 14500 అనే సంఖ్యతో వచ్చే సెల్. అచ్చం పెన్సిల్ సెల్‌లా ఉంటుంది, కానీ నేరుగా 3.7 వోల్టులు ఇస్తుంది. దానికోసమే తయారైన టార్చిలో తప్ప ఇంక దేనిలోనూ వేయకూడదు. రిమోట్‌లోనో బొమ్మలోనో వేస్తే పరికరం కాలిపోవచ్చు.

ఇంట్లో ఒక్కొక్క వస్తువుకు

గోడ గడియారం సగటున మిల్లీ ఆంపియర్‌లో పదో వంతు ప్రాంతంలో మాత్రమే కరెంటు తీసుకుంటుంది. ఏడాది మొత్తానికి 900 మిల్లీ ఆంపియర్ అవర్ల లోపే. జింక్ కార్బన్ సెల్ ఒకటి ఏడాదిపాటు వస్తున్నది అందుకే, దానికి ఇంతకంటే ఖరీదైనది అక్కరలేదు. ఆల్కలైన్ వేస్తే ఇంకా ఎక్కువకాలం వస్తుంది, కానీ అన్నేళ్లపాటు గడియారం వెనుక ఏముందో ఎవరూ చూడరు, కారడం మొదలయ్యేది అప్పుడే. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు గడియారాన్ని దింపి, ఆగినా ఆగకపోయినా సెల్ మార్చేయడం నాకు నచ్చిన పద్ధతి. టీవీ రిమోట్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. ఏసీ రిమోట్ సంగతి కొంచెం వేరు. వేసవి అయిపోగానే దాన్ని ఎక్కడో పెట్టేసి మళ్లీ మార్చిలో వెతుకుతాం కనుక, దాచేముందు సెల్లు తీసేయాలి.

బీపీ యంత్రానికి జింక్ కార్బన్ వేయవద్దు. చేతిపట్టీలోకి గాలి ఎక్కించే చిన్న పంపు తిరిగేటప్పుడు అది వందల మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. సెల్ నీరసంగా ఉంటే పంపు శబ్దం మందగిస్తుంది, తెర మసకబారుతుంది, కొలత మధ్యలో ఆగి మళ్లీ మొదటికి వస్తుంది. ఉదయమూ సాయంత్రమూ బీపీ రాసుకోవలసిన పెద్దలకు ఇది విసుగే కాదు, ఆ విసుగుతోనే చూసుకోవడం మానేస్తారు. ఆల్కలైన్ వేయాలి; కంపెనీ ఇచ్చే అడాప్టరు ఉంటే ఇంకా మేలు. వేలికి పెట్టే ఆక్సిమీటరుకు కూడా ఆల్కలైనే మంచిది, అయితే వాడని రోజుల్లో సెల్లు బయట ఉంచాలి.

గ్యాస్ గీజరు రెండు డీ సెల్లతో నిప్పురవ్వ పుట్టిస్తుంది, గ్యాస్ వాల్వును తెరిచి పట్టుకుంటుంది. కుళాయి తిప్పినప్పుడు టకటకమని శబ్దం వచ్చి మంట అందుకోకపోయినా, అందుకుని వెంటనే ఆరిపోయినా మెకానిక్‌ను పిలిచేముందు సెల్లు మార్చి చూడాలి. ఇక్కడ రెండు రకాలూ పనిచేస్తాయి, ఆల్కలైన్ ఎక్కువకాలం వస్తుంది. స్నానాలగది తేమకు స్ప్రింగులు తుప్పు పట్టడం మామూలే కనుక సెల్లు మార్చిన ప్రతిసారీ వాటిని పొడిగుడ్డతో తుడవాలి.

రాత్రిపూట మోటారు వేయడానికి పొలానికి వెళ్లే రైతు టార్చి వేరే లెక్క. అక్కడ సెల్ మధ్యలో అయిపోవడమంటే గట్టు మీద పాము కనిపించకపోవడం. నిత్యం వాడే టార్చికి ఛార్జింగ్ రకమే లాభం, కానీ కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలియని ఊళ్లో ఛార్జి మీదే ఆధారపడటం మంచిది కాదు. సెల్లతో నడిచే ఎల్‌ఈడీ టార్చి ఒకటి, అందులో వేయకుండా ప్యాకెట్‌లోనే ఉంచిన కొత్త ఆల్కలైన్ సెల్లు కొన్ని విడిగా ఉండాలి. మన వేసవి ఎండకు సెల్లు త్వరగా దిగుతాయి, కారడమూ పెరుగుతుంది కనుక కారు డ్యాష్‌బోర్డులోనో రేకుల గదిలోనో నిల్వ పెట్టకూడదు. ఫ్రిజ్‌లో పెట్టడమూ వద్దు. బయటికి తీసినప్పుడు వాటి మీద చెమ్మ పడుతుంది. చల్లని పొడి అర చాలు.

చదరపు 9 వోల్టుల బ్యాటరీ లోపల ఆరు చిన్న సెల్లుంటాయి, అందువల్ల దాని సామర్థ్యం తక్కువ, ఆల్కలైన్‌లో కూడా 500, 600 ప్రాంతమే. మల్టీమీటరులో అది నీరసించినప్పుడు తెర మీద బ్యాటరీ గుర్తు కనిపిస్తుంది. ఆ తరువాత వచ్చే రీడింగులను నమ్మకూడదు, ముఖ్యంగా కరెంటు పనిచేసేవారు. విడి 9 వోల్టుల బ్యాటరీని తాళంచెవులతో, నాణేలతో పాటు జేబులో వేసుకోవద్దు. రెండు ధ్రువాలూ ఒకే పక్కన ఉన్నందున లోహం తగిలితే నిప్పంటుకునేంత వేడెక్కుతుంది.

కారడం

నాలుగు సెల్లు పట్టే పరికరంలో మూడు కొత్తవీ ఒక పాతదీ కలిపి వేస్తే, పాతది ముందుగా అయిపోతుంది. మిగిలిన మూడూ దాని గుండా బలవంతంగా కరెంటును తోస్తూనే ఉంటాయి. అప్పుడు దాని ధ్రువాలు తిరగబడి, లోపల హైడ్రోజన్ వాయువు పుట్టి, అడుగున ఉన్న సీలు పగిలి క్షారం బయటికి వస్తుంది. పాతా కొత్తా కలపవద్దనీ, రెండు రకాలను కలపవద్దనీ ప్రతి ప్యాకెట్ మీద రాసేది ఇందుకే. ఆల్కలైన్ సెల్ నుంచి వచ్చిన ద్రవం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పొటాషియం కార్బొనేట్‌గా మారి, తెల్లని ఉప్పులా గట్టిపడుతుంది. దానిని ఊదవద్దు, గోటితో గీకవద్దు. చేతులకు తొడుగు వేసుకుని, దూదికి నిమ్మరసమో వెనిగరో కొద్దిగా అద్ది తుడిస్తే బుసబుసమని నురగ వచ్చి కరిగిపోతుంది. తరువాత తడి గుడ్డతో తుడిచి బాగా ఆరబెట్టాలి. జింక్ కార్బన్ నుంచి కారింది ఆమ్ల స్వభావం కలది కనుక దానికి వంటసోడా కలిపిన నీళ్లు వాడాలి. స్ప్రింగు తిని పోకుండా మిగిలి ఉంటే పరికరం చాలాసార్లు బతుకుతుంది.

ఖరీదైన వస్తువును నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు ఆల్కలైన్ సెల్లు అందులో ఉంచవద్దని నేను గట్టిగా చెబుతాను. నికెల్ సెల్లూ ఎఫ్‌ఆర్6 సెల్లూ ఈ విషయంలో ఎంతో నయం. రెండు వందల రూపాయల రిమోట్‌కూ, ఇరవై వేల కెమెరా ఫ్లాష్‌కూ ఒకే నియమం ఉండనక్కరలేదు.

బటన్ సెల్లు

సీఆర్2032 అన్న పేరులోనే కొలత ఉంది: వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. సీఆర్2025 అంతే వెడల్పు ఉండి మందం 2.5 మాత్రమే, 2032 స్థానంలో అమర్చితే కూర్చున్నట్టే ఉంటుంది కాని పట్టు సరిగా దొరకదు, సామర్థ్యమూ తక్కువ. రెండూ 3 వోల్టుల లిథియం సెల్లు. ఎల్‌ఐఆర్2032 అని ఉంటే అది ఛార్జింగ్ రకం, వోల్టేజీ ఎక్కువ. దానిని కారు తాళంలోనో గ్లూకోమీటరులోనో వేయకూడదు.

చేతి గడియారాలలో మోసపోవడం తేలిక. చాలా గడియారాలకు కావలసింది ఎస్‌ఆర్626 ఎస్‌డబ్ల్యూ, దానికే 377 అనే మరో పేరు, ఇది 1.55 వోల్టుల దగ్గర చివరిదాకా నిలిచే సిల్వర్ ఆక్సైడ్ సెల్. ఏజీ4 అనీ ఎల్‌ఆర్626 అనీ వచ్చేది అదే సైజు ఆల్కలైన్. చవక, కానీ త్వరగా దిగుతుంది, కారితే గడియారం యంత్రమే పోతుంది. రిపేరు దుకాణంలో వేసేముందు సెల్ మీది అక్షరాలు చూపించమని అడగడానికి మొహమాటపడకూడదు.

వినికిడి యంత్రాలకు వాడే జింక్ ఎయిర్ సెల్లు గాలిలోని ఆక్సిజన్‌తో పనిచేస్తాయి. రంగు స్టిక్కరు తీసిన వెంటనే యంత్రం తలుపు మూయకుండా ఒకటి రెండు నిమిషాలు గాలి సోకనిస్తే సెల్ సరిగా మేల్కొంటుంది. తీసిన స్టిక్కరును తిరిగి అంటించినా అది మునుపటిలా నిద్రపోదు కనుక అవసరమైనప్పుడే తీయాలి. నారింజ రంగు స్టిక్కరుది 13 సైజు, గోధుమ రంగుది 312 సైజు అని గుర్తుంచుకుంటే తాతయ్యకు తేవలసిన ప్యాకెట్ తప్పిపోదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో బటన్ సెల్ చాలా ప్రమాదకరమైన వస్తువు. మింగిన సెల్ గొంతులో ఇరుక్కుంటే, అక్కడి తడి ద్వారా కరెంటు ప్రవహించి క్షారం పుడుతుంది, రెండు గంటల్లోనే అన్నవాహికకు లోతైన గాయం అవుతుంది. కొత్త సెల్లే కాదు, రిమోట్‌కు పనికిరాదని తీసి పక్కన పెట్టిన సెల్ కూడా ఈ హాని చేయగలదు. పిల్లవాడు మింగాడన్న అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, లక్షణాల కోసం ఎదురుచూడకుండా, ఎక్స్‌రే తీసే ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లాలి. కొనేటప్పుడు స్క్రూతో మూసే గది ఉన్న బొమ్మలూ దీపాలూ మాత్రమే కొనాలి. వాడేసిన బటన్ సెల్‌కు రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకు అందని డబ్బాలో వేయాలి.

ఆ డబ్బాను చెత్తబండిలో తడి చెత్తతో కలిపి ఇవ్వకూడదు. 2022లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు చిన్న సెల్లకు కూడా వర్తిస్తాయి. వాడేసినవాటిని వెనక్కి సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెడుతూనే, ఇంటి చెత్త నుంచి వాటిని వేరు చేసి ఇవ్వడం వాడుకరుల పనిగా చెబుతున్నాయి. లిథియం రకాల ధ్రువాలకు టేపు వేసి విడిగా, మిగిలినవి విడిగా పోగుచేసి, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి గానీ, పురపాలక సిబ్బంది ప్రమాదకర చెత్తను విడిగా తీసుకునే రోజున వారికి గానీ అందజేయాలి.